గాడి ఉలి : గుండ్రని కొయ్యపనిలో దాని చరిత్ర, ప్రయోజనము

దేవాలయములో ప్రవేశించినవారు బల్లను చూతురు, ప్రసంగపీఠమును చూతురు, గోడమీది పలకలను చదువుదురు. బల్ల ముందు వరుసగా నిలిచిన కొయ్య కంబములను మాత్రము చేతితో పట్టుకొని మోకరింతురే గాని, కన్నులార చూచువారు తక్కువ. ఒకచోట కడవవలె ఉబ్బి, ఒకచోట మెడవలె సన్నగిల్లి, ఒకచోట ఉంగరము తొడిగినట్లుండు ఆ కంబములు రంపముతో కోసినవి కావు, చిత్రికతో గీసినవి కావు. కొయ్యను మరమీద గిరగిర త్రిప్పుచు, దానికి ఉలిని ఆనించి తీర్చినవి. శతవత్సర సంచికలలో స్థాపకులను గూర్చియు, కట్టడములను గూర్చియు వ్రాయువారు అనేకులుందురు. మేము అటువంటి కంబములను తీర్చు ఒక్క పనిముట్టును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిమి.

ఈ పనిముట్టును ఇంగ్లీషులో గౌజ్ అందురు. మామూలు ఉలి అంచు తిన్నగా ఉండును. దీని అంచు వంపు తిరిగియుండును. ఉక్కు కడ్డీ పొడవునా ఒక గాడి ఉండును. ఆ గాడి కొనను సానపట్టగా అంచు చంద్రవంకవలె ఏర్పడును. కావున ఈ వ్యాసములో దీనిని గాడి ఉలి అని పిలిచెదము. కొయ్యను త్రిప్పు మరను నేడు అందరును లేత్ అనుచున్నారు. తరిమెన అనునది దానికి మన పాత తెలుగు మాట.

మేము చెప్పదలచినది ఒక్కటే. ఈ ఉలి వంపు ఎవరో అందముకొరకు పెట్టినది కాదు. కొయ్య నార ఏ వాటమున ఉన్నది, మరను ఏ బలము త్రిప్పుచున్నది, ఉక్కు ఎంత వేడికి తాళును అను మూడు ప్రశ్నలకు శతాబ్దముల తరబడి పనివారు వెదకిన జవాబు ఆ వంపులో ఉన్నది. ఆ జవాబు తెలిసిన చేయి పోయినయెడల, ఉలి అద్దాల బీరువాలో భద్రముగా ఉన్నను పని నిలువదు.

వంపు ఎందుకు?

వడ్రంగి బల్లమీద కొయ్య కదలదు, ఉలి కదలును. లేత్‌మీద పని దీనికి తలక్రిందులు. అక్కడ కొయ్య తిరుగుచుండును, ఉలి దానిని కాచుకొని నిలుచును. నిమిషమునకు వెయ్యి చుట్లు తిరుగు కొయ్యకు తిన్నని ఉలి మూల తగిలిన చాలును. ఆ మూల లోనికి దిగబడి, కొయ్యను చీల్చి, ఉలిని చేతిలోనుండి గుంజివేయును. గాడి ఉలికి ఈ బాధ తక్కువ. దాని రెండు మూలలు పైకి లేచి కొయ్యకు దూరముగా ఉండును. నడుమనున్న అంచు మాత్రమే కోయును. పనివాడు పిడిని కొంచెము దొర్లించినచో అంచులోని మరియొక భాగము పనిలోనికి వచ్చును. ఒక్క ఉలితో అనేక రూపములు తీర్చగలుగుటకు కారణమిదే.

రెండవ సంగతి సానపట్టిన వాలు. అంచు వెనుక ఏటవాలుగా ఉండు ఈ భాగము చూచుటకు అల్పము, పనిలో మాత్రము ప్రధానము. మొదట ఉలిని ఆధారపు కమ్మిమీద నిలుపవలెను. తరువాత ఆ వాలును తిరుగుచున్న కొయ్యమీద ఆనింపవలెను. అటుపిమ్మట పిడిని మెల్లగా పైకెత్తుచు రాగా అంచు కొయ్యను అందుకొని చెక్కు తీయును. శిష్యునికి నేర్పు మొదటి పాఠము ఈ మూడు మెట్లే. వాలు కొయ్యను ఆనుకొనియున్నంతవరకు అంచు ఎంత లోతు దిగవలెనో వాలే నిర్ణయించును. అది విడిచిన క్షణమే ప్రమాదము. అంచు చక్కగా తెగుచున్నప్పుడు చెక్కు పొడవైన రిబ్బనువలె ఎగిరిపడును. మొద్దుబారినప్పుడు పొడి రాలును. కావున అనుభవముగల పనివాడు తన పాదములవద్ద రాలినదానిని చూచియే ఉలి స్థితిని చెప్పగలడు.

మూడవది కొయ్య నార. ఒక చీపురు కట్టను ఊహించుకొనుడు. మొదటినుండి కొనవైపునకు నిమిరినచో ఈనెలు అణగియుండును. ఎదురు నిమిరినచో లేచి చేతికి గుచ్చుకొనును. కొయ్యలోని పోగులును అంతే. కంబమును తీర్చునప్పుడు లావుగా ఉన్నచోటనుండి సన్నని చోటికి దిగుచు కోయవలెను. కొండ దిగినట్లు దిగవలెనే గాని ఎక్కరాదు. ఎక్కినచో పోగులు చిట్లి, నునుపు పోవును.

గిన్నె సంగతి వేరు. గిన్నెకు సాధారణముగా పలకను అడ్డముగా మరకు బిగింతురు. అందువలన ఒక్క చుట్టు తిరుగులోపల ఉలి రెండుసార్లు నార ప్రక్కను, రెండుసార్లు నార కొనలను కోయవలసివచ్చును. ఇట్టి గిన్నె వెలుపలి భాగమును అడుగునుండి అంచువైపునకును, లోపలి భాగమును అంచునుండి నడిమికిని కోయుదురు. అట్లు చేసినచో కోయబడుచున్న పోగు వెనుక మరియొక పోగు ఆసరాగా నిలుచును. కంబమునకు ఒక ఉలి, గిన్నెకు వేరొక ఉలి ఏర్పడుటకు మూలము ఈ భేదమే.

త్రాడు, కొమ్మ, కాలు

లేత్‌ను చూపు మిక్కిలి పాత చిత్రములలో ఒకటి ఐగుప్తు దేశములో పెటోసిరిస్ అను యాజకుని సమాధి గోడమీద కలదు. అది క్రీ.పూ. 300 ప్రాంతమునాటిది. అందులో ఒకడు కొయ్యకు చుట్టిన వారును అటు నిటు లాగుచుండును. ఇంకొకడు ఉలి పట్టియుండును. మనదేశములోను త్రాడులాగు సహాయకుడొకడు, ఉలిపట్టు పనివాడొకడు, ఇరువురు నేలమీద కూర్చుండి పనిచేయుట వాడుకలో ఉండెను.

ఐరోపాలో సహాయకుని స్థానమును ఒక చెట్టుకొమ్మ ఆక్రమించెను. వంగి లేచు గుణముగల పొడవైన కొమ్మను పైన కట్టి, దానినుండి దిగు త్రాడును కొయ్యకు ఒక చుట్టు చుట్టి, కొనను కాలిపలకకు ముడివేయుదురు. కాలితో నొక్కగా కొయ్య పనివానివైపు తిరుగును. విడువగా కొమ్మ త్రాడును పైకి లాగి కొయ్యను వెనుకకు త్రిప్పును. కావున కాలు నొక్కినంతసేపే ఉలి కోయగలదు. తక్కిన సమయము ఊరక ఆగవలెను. ఒకడే మరను నడిపి, తానే ఉలి పట్టుకొనగలుగుట ఇందలి లాభము.

ఇంగ్లండులోని యార్క్ నగరమున కాపర్‌గేట్ అను వీధి కలదు. గిన్నెలు చేయువారి వీధి అని దాని అర్థము. అక్కడ 1976 మొదలు 1981 వరకు జరిగిన త్రవ్వకములలో, వేయి సంవత్సరముల క్రిందట గిన్నెలు తీర్చినవారు విరిచి పారవేసిన నడిమి మొద్దులు దొరికినవి. 1545లో మునిగి, 1982లో సముద్రమునుండి పైకి తీయబడిన మేరీ రోజ్ అను యుద్ధనౌకలో నావికుల కొయ్య గిన్నెలు, పళ్లెములు బయటపడినవి. పింగాణి సామాన్యుల యింటికి రాకముందు జనులు భుజించినది లేత్‌మీద తీర్చిన కొయ్య గిన్నెలోనే.

లండను నగరములోని లేత్ పనివారి సంఘమునకు 1604లో ఒకటవ జేమ్సు రాజు శాసనపత్రము నిచ్చెను. 1677-1680 సంవత్సరముల నడుమ జోసెఫ్ మాక్సన్ అను ముద్రాపకుడు చేతిపనులను గూర్చి ఖండికలుగా వెలువరించిన గ్రంథములో ఈ పనికిని చోటు దొరికెను. వడ్రంగికి మొదటి చిత్రిక ఎట్లో, లేత్ పనివానికి గాడి ఉలి అట్లని ఆయన వివరించెను. అనగా మోటు కొయ్యను రూపమునకు దగ్గరగా తెచ్చుట గాడి ఉలి వంతు, నునుపు చేయుట తిన్నని ఉలి వంతు. ఆ పని విభజన నేటికిని మారలేదు.

కటకటముల తగవు

మనవంటి పాఠకులకు ఆసక్తి కలిగించు సంగతి ఒకటి ఇక్కడ చెప్పవలసియున్నది. విలియం లాడ్ 1633లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు అయిన తరువాత ఇంగ్లండు దేవాలయములలో బల్లను తూర్పుగోడ దగ్గర నిలిపి, దానిముందు కొయ్య కటకటములు పెట్టింపవలెనను పట్టుదల బలపడెను. నార్విచ్ బిషప్పయిన మాథ్యూ రెన్ 1636లో తన విచారణలకు ఇచ్చిన ఆజ్ఞలో ఆ కటకటము సుమారు ఒక గజము ఎత్తు ఉండవలెననియు, కుక్కలు దూరకుండునంత దగ్గరదగ్గరగా కంబములు ఉండవలెననియు ఆదేశించెను. ఆనాడు రైతులతోపాటు వారి కుక్కలును ఆరాధనకు వచ్చుట వాడుక.

ఈ కటకటములను గూర్చి పెద్ద తగవు జరిగెను. 1641 సెప్టెంబరులో కామన్సు సభ వాటిని తీసివేయవలెనని ఉత్తరువు చేసెను. అనేకచోట్ల వాటిని ఊడబెరికిరి, కాల్చిరి. 1660లో రాజరికము తిరిగి వచ్చిన పిమ్మట మరల క్రమక్రమముగా నిలిపిరి. ఆ తగవులో న్యాయాన్యాయములు విచారించుట ఈ వ్యాసము పని కాదు. లేత్ పనివాని దృష్టితో చూచినచో మాత్రము, కుక్క దూరకూడదన్న ఒక్క మాటవలన కంబముల సంఖ్య ఎంతో పెరిగినదని తెలియును.

వరుసలోని కంబములన్నియు ఒక్క తీరున ఉండవలెను. ఒకటి రెండు వ్రేళ్లు హెచ్చుతగ్గులైనను దూరమునుండి కంటికి తగులును. పనివాడు మొదట చదరపు కొయ్యను వెడల్పు గాడి ఉలితో గుండ్రము చేయును. పిమ్మట ఉబ్బు ఎక్కడ, నొక్కు ఎక్కడ అని గీతలు పెట్టిన ఒక పుల్లను ప్రక్కన ఆనించి, తిరుగు కొయ్యమీద గుర్తులు దింపును. సన్నని గాడి ఉలితో నొక్కులు త్రవ్వును, తిన్నని ఉలితో ఉబ్బులు నున్నగా చేయును. లావును వంకీ కొలకర్రతో సరిచూచును. పదవ కంబము మొదటి కంబమును పోలుట కొలతవలన మాత్రమే కాదు, చేతికి అబ్బిన అలవాటువలన కూడ.

అడవిలో కుర్చీకాళ్లు

పందొమ్మిదవ శతాబ్దమున హై వికమ్ అను ఇంగ్లీషు పట్టణము కుర్చీలకు పేరుపొందెను. చుట్టునున్న గుట్టలమీద బీచ్ అను చెట్ల అడవులు కలవు. కుర్చీకాళ్లు చేయువారు ఆ అడవిలోనే పాక వేసికొని, పచ్చి కొయ్యను అక్కడనే చీల్చి, కొమ్మ లేత్‌మీద కాళ్లు తీర్చి, కట్టలు కట్టి పట్టణములోని కార్ఖానాలకు అమ్ముచుండిరి. పచ్చి కొయ్య మెత్తన. గాడి ఉలికి వెన్నవలె తెగును. దుంగను పట్టణమునకు మోయుటకంటె కాళ్లను మోయుట తేలిక. కావున మరయే అడవికి వెళ్లెను.

1870ల ప్రాంతమున ఆ పట్టణములో దినమునకు 4,700 కుర్చీలు తయారగుచుండెనని లెక్క చెప్పుదురు. మూడీ, శాంకీ అను సువార్తికుల కూటములకై ఒక్కసారిగా 19,200 కుర్చీలు అక్కడినుండి వెళ్లినవని ప్రసిద్ధి. కుర్చీకి నాలుగు కాళ్లు చొప్పున అది 76,800 కాళ్లు, అడ్డకమ్ములు వేరు. ఆ కూటములలో కూర్చున్న వేలాది జనులు ప్రసంగమును జ్ఞాపకముంచుకొనిరి, పాటలను జ్ఞాపకముంచుకొనిరి. తమ్మును మోసిన కాళ్లను అడవిలో తీర్చినవారి పేరు అడిగినవారు ఉండరు. చేతిపనివారి చరిత్ర అంతయు ఇట్లే యున్నది.

ఇరువదవ శతాబ్దపు నడిమికి ఆవిరి మరలు, విద్యుత్ మరలు ఆ అడవి పనిని తుడిచిపెట్టినవి.

బక్‌ల్‌బరీ గిన్నెలు

కొమ్మ లేత్‌మీద కంబమునకు గాడి ఉలి సరిపోయెను. గిన్నె లోపలి భాగమునకు మాత్రము సరిపోలేదు. కాలి బలము తక్కువ. వెడల్పు అంచుతో లోతుగా కోసినచో మర నిలిచిపోవును. కావున గిన్నెలు చేయువారు కడ్డీ కొనను కొక్కెమువలె వంచి, దాని సన్నని అంచుతో కొంచెము కొంచెముగా కోయుచుండిరి. కొక్కెమునకు ఇంకొక సుగుణము కలదు. అది గిన్నె లోపలినుండి చుట్టు తిరిగి, నడిమి మొద్దును చెడగొట్టక వేరుచేయగలదు. ఆ మొద్దునుండి ఇంకొక చిన్న గిన్నె, దానినుండి మరియొకటి, ఇట్లు ఒకే దుంగలోనుండి ఒకదానిలో ఒకటి అమరు గిన్నెలు పుట్టును.

ఇంగ్లండులో ఈ విద్యను జీవనోపాధిగా చేసిన చివరివాడని పేరుపొందినవాడు జార్జి లేలీ. బర్క్‌షైర్‌లోని బక్‌ల్‌బరీ గ్రామమున ఒక పాకలో ఎల్మ్ కొయ్య గిన్నెలు తీర్చుచుండెను. హెచ్.వి. మోర్టన్ అను రచయిత 1927లో వెలువడిన తన ప్రయాణ గ్రంథములో ఆయనను గూర్చి వ్రాయగా దేశమంతట పేరు తెలిసెను. పేరు తెలిసెను గాని విద్య నేర్వ వచ్చి నిలిచినవాడు లేకపోయెను. 1958లో లేలీ మరణించెను. ఆయన లేత్‌ను, ఉలులను రెడింగ్ నగరములోని గ్రామీణ జీవన మ్యూజియము భద్రపరచెను.

పనిముట్లు మిగిలినవి. వాటిని ఎట్లు పట్టవలెను, వాలును ఎంత సానపట్టవలెను, కాలు ఎప్పుడు నొక్కవలెను అను సంగతులు చెప్పువారు మిగులలేదు. సుమారు నలువది సంవత్సరములు గడచిన తరువాత, 1990లలో రాబిన్ వుడ్ అను యువకుడు ఆ మ్యూజియమునకు వెళ్లి లేత్‌ను పరిశీలించి, తన ఉలులను తానే కొలిమిలో కాల్చి వంచుకొని, తప్పులు చేయుచు దిద్దుకొనుచు ఆ విద్యను మరల నిలబెట్టెను. ఒక వృద్ధునివద్ద కొద్ది కాలములో నేర్వదగినదానిని ఒకడు ఒంటరిగా మొదటినుండి వెదకుకొనవలసివచ్చెను. చేతికి చేయి అందింపని తరము తరువాతి తరమునకు మిగిల్చిపోవు అప్పు ఇదియే.

ఉక్కు మారినది

ఇక ఉక్కు సంగతి. ఇందులో మన తెలుగునాటికి నిజమైన భాగము కలదు. తెలంగాణలోని నిజామాబాదు జిల్లా కోనసముద్రములో మూసలలో కరగించి చేసిన ఉక్కు దేశదేశములకు వెళ్లెను. పారశీక వర్తకులు అక్కడికి వచ్చి కొనుచుండిరని భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయ్సీ వ్రాసిన వృత్తాంతము, ఆయన మరణానంతరము 1832లో అచ్చయినది. ఇట్టి ఉక్కును ఇంగ్లీషువారు వూట్జ్ అనిరి; దక్షిణాది ఉక్కు అను మాటయే అట్లు మారినదని పండితులు తలంతురు. 1795లో జార్జి పియర్సన్ దీనిని గూర్చి లండను రాయల్ సొసైటీకి పరిశోధన సమర్పించెను. కత్తులు చేయు జేమ్సు స్టోడార్ట్, శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడే కలిసి 1819 మొదలు దీనిమీద ప్రయోగములు చేసిరి.

ఇంతకుముందే, 1740ల ప్రాంతమున, బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు షెఫీల్డు దగ్గర తన సొంత మార్గమున మూస ఉక్కు చేయుట సాధించెను. అప్పటినుండి షెఫీల్డు ఉలులకు ప్రపంచమంతట గిరాకి ఏర్పడెను. అయినను ఆ ఉక్కులో ఒక లోపము ఉండెను. సానరాతిమీద ఎక్కువ వేడెక్కినచో అంచు నీలిరంగు తిరిగి, పదును నిలుపు శక్తి పోవును. అందుచేత పనివాడు మాటిమాటికి నీట ముంచుచు సానపట్టవలెను.

1898-1900 సంవత్సరములలో అమెరికాలోని బెత్‌లహేం ఉక్కు కర్మాగారమున ఫ్రెడరిక్ టేలర్, మాన్సెల్ వైట్ అనువారు టంగ్‌స్టన్ కలిపిన ఉక్కును ఒక ప్రత్యేక విధానమున మిక్కిలి వేడిచేసి చల్లార్చగా, అది సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు వరకు గట్టిదనము పోనీయక నిలిచెను. దీనికి హైస్పీడు ఉక్కు అని పేరు. ఇది మొదట ఇనుమును కోయు మరలకు వచ్చెను. కొయ్యపని ఉలులలో వ్యాపించుటకు చాలకాలము పట్టెను. 1980ల నాటికి షెఫీల్డు కర్మాగారములు గుండ్రటి హైస్పీడు ఉక్కు కడ్డీలో మరతో లోతైన గాడి తొలిచి గిన్నెల ఉలులు చేసి అమ్ముచుండెను. విద్యుత్ మోటారు బలము, వేడికి తాళు ఉక్కు, ఈ రెండును కలిసినప్పుడే గిన్నె లోపలి భాగమునకు గాడి ఉలి తగినదాయెను. కొక్కెము చేసిన పనిని గాడి చేయుటకు అంతకాలము పట్టినది.

నేటి మూడు ఉలులు

నేడు లేత్ పనివాని పెట్టెలో ముఖ్యముగా మూడు విధములైన గాడి ఉలులు ఉండును.

మొదటిది మోటుపని ఉలి. ఇది వెడల్పు, అడ్డకోత చూచినచో అర్ధచంద్రాకారము. అంచు తిన్నగా అడ్డముగా సానపట్టబడియుండును. వాలు సుమారు 45 డిగ్రీలు. నాలుగు పలకల కొయ్యను గుండ్రము చేయుటయే దీని పని. కంబములకు, కుర్చీకాళ్లకు, గరిటె పిడులకు, నార పొడవుగా ఉన్న కొయ్యకు మాత్రమే ఇది తగును.

రెండవది కంబముల ఉలి. దీని గాడి లోతు తక్కువ, కొన వ్రేలిగోరువలె ఉండును. వాలు సుమారు 30 మొదలు 40 డిగ్రీలు. నొక్కులు త్రవ్వుటకు, ఉబ్బులు దిద్దుటకు, సన్నని మెడలు తీర్చుటకు ఇది పనికివచ్చును. గాడిని ఒక ప్రక్కకు త్రిప్పి కొనతో ప్రవేశించి, లోనికి దిగుకొలది గాడిని పైకి త్రిప్పుచు నొక్కు నడిమికి వచ్చి ఆగవలెను. పిమ్మట రెండవ ప్రక్కనుండి మరల దిగవలెను. నడిమిని దాటి ఎదుటి గట్టు ఎక్కుట తగదు.

మూడవది గిన్నెల ఉలి. దీని గాడి లోతు; కడ్డీ దళసరి. ఆధారపు కమ్మి దాటి చాల దూరము గిన్నెలోనికి చాపినను వణకకుండుటకు ఈ దళసరి అవసరము. వాలు సుమారు 45 మొదలు 60 డిగ్రీలు. అంచు రెండు రెక్కలను వెనుకకు వాల్చి సానపట్టు పద్ధతి అమెరికా పనివాడు డేవిడ్ ఎల్స్‌వర్త్ పేరున ప్రసిద్ధమైనది. దానివలన ఒక్క ఉలి లోతుగా కోయుటకును, రెక్కతో పలుచగా గీయుటకును ఉపయోగపడును.

కొలతలోను ఒక చిక్కు కలదు. బ్రిటనులో గిన్నెల ఉలిని గాడి వెడల్పునుబట్టి పిలుచు వాడుక. అమెరికాలో కడ్డీ లావునుబట్టి. బ్రిటనువారి మూడెనిమిదవ వంతు అంగుళము, అమెరికావారికి అర అంగుళము. దూరదేశమునుండి తెప్పించుకొనువారు ఇది తెలిసికొనవలెను.

అంతకంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. మోటుపని ఉలిని పేరునుబట్టి, మోటు గిన్నెకును పనికివచ్చునని తలంచి వాడరాదు. దాని అంచు వెడల్పేగాని, పిడిలోనికి చొచ్చు తోక సన్నము. అడ్డముగా బిగించిన పలక నారకొనలు దానికి తగిలినచో ఉలి దిగబడి, తోక విరిగి, ముక్క ముఖమునకు ఎగిరిరాగలదు. ఇట్టి ప్రమాదముల కారణముగా దాని పేరుకు ముందు కంబముల మోటుపనికి అను మాట చేర్చుట ఇంగ్లీషువారిలో వాడుక అయినది. పేరులో ఒక్క మాట తక్కువైనందున మనిషి కన్ను పోవచ్చును. పనిముట్టు పేరు చిన్న విషయము కాదని మేము చెప్పుటకు ఇదియే దృష్టాంతము.

ఏటికొప్పాక

మన రాష్ట్రములో లేత్ విద్యకు పేరుగన్న ఊరు ఏటికొప్పాక. వరాహనది ఒడ్డున, పూర్వము విశాఖపట్టణము జిల్లాలోను, 2022 నుండి అనకాపల్లి జిల్లాలోను ఉన్నది. కొండపల్లి బొమ్మలు చెక్కినవి, ఏటికొప్పాక బొమ్మలు త్రిప్పి తీర్చినవి. ఈ భేదమును చాలమంది గమనింపరు. ఏటికొప్పాక పనివారు వాడునది అంకుడు కర్ర; తెల్లనిది, మెత్తనిది, నార సమముగా ఉండునది. కన్నడ దేశములోని చెన్నపట్టణము బొమ్మలకును ఈ చెట్టే ఆధారము. నార సమముగా ఉండుటవలన పోగు అంత సులభముగా చిట్లదు. కుంకుమ భరిణె మూత బిగుతుగా అమరునంత సున్నితముగా తీర్చవచ్చును.

రూపము తీర్చిన తరువాత, కొయ్య తిరుగుచుండగనే రంగు లక్క కడ్డీని దానికి అదిమి పట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కొయ్యకు అంటును. పిమ్మట మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెట్టుదురు. ఉలి కోత నునుపుగా లేనిచోట లక్క సమముగా పట్టదు. కావున ఆ మెరుపునకు పునాది లక్క కాదు, ఉలియే.

ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చెను. రసాయనపు రంగులకు మారుగా గింజలు, బెరళ్లు, వేళ్లు, ఆకులనుండి రంగులు తీయుటను ప్రోత్సహించిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ బిరుదు లభించెను. 2025 జనవరి 26న ఢిల్లీ గణతంత్ర దినోత్సవ ప్రదర్శనలో ఆంధ్రప్రదేశ్ శకటము ఈ బొమ్మలతోనే నడచెను. ఇవి సంతోషింపదగిన సంగతులు. అయినను బక్‌ల్‌బరీ కథ ఒకటి మనము మరువరాదు. లేలీకిని కీర్తి వచ్చెను; కీర్తి వచ్చిన ముప్పది సంవత్సరములకు విద్య ఆయనతో సమాధి చేరెను. కీర్తి వేరు, శిష్యుడు వేరు. అంకుడు చెట్టు నరికినచోట మరల నాటువాడును, ఉలి పట్టినవాని ప్రక్కన నేర్చుకొనుటకు కూర్చుండువాడును ఉన్నప్పుడే ఆ విద్య నిలుచును.

ముగింపు

పనివాని విద్యలో సగము చేతిలోను, సగము నోటిలోను ఉండును. చేతిలోనిది ప్రక్కన కూర్చుండి నేర్వవలెను. నోటిలోనిదానిని వ్రాసి ఉంచవచ్చును. ఊరికొక తీరుగా పనిముట్లకు పేర్లు కలవు. కొయ్య వాటమునకు, చెక్కు తీరునకు, సాన పదునునకు మాటలు కలవు. ఇవి అచ్చులోనికి ఎక్కుట అరుదు. పెద్దవారు పోగా అవియు పోవును.

కనుక చదువరులకు మా మనవి ఇది. మీ విచారణలో, మీ వీధిలో వృద్ధ వడ్రంగి గాని, లేత్ పనివాడు గాని ఉన్నయెడల ఒక సాయంకాలము ఆయనవద్దకు వెళ్లుడు. ఆయన పెట్టె తెరువుమని అడుగుడు. ఒక్కొక్క ఉలిని చేతికి తీసికొని, దీని పేరేమి, ఇది దేనికి, దీనిని ఎవరు చేసిరి, ఎవరు నేర్పిరి అని అడిగి, ఆయన చెప్పిన మాటను చెప్పినట్లే వ్రాసి, తేదీ వేసి భద్రపరచుడు. పిల్లలలో ఎవరికైనను చేతిపనిమీద ఆశ ఉన్నయెడల వెంట తీసికొనిపోవుడు. దేవాలయపు రిజిస్టరులలో బాప్తిస్మములు, వివాహములు, సమాధులు వ్రాసికొని నూరేండ్లు కాపాడుకొను అలవాటు మనకు ఉన్నది. ఉలి పట్టిన చేతుల జ్ఞానమును వ్రాసియుంచుట మనకు కష్టమైన పని కాదు.